నిద్రపట్టని కాథరినాకు లూథర్ ఉత్తరాలు

రాత్రి రెండు గంటలు దాటింది. ఇంటిల్లిపాదీ నిద్రలో ఉన్నారు. తల్లికి మాత్రం కంటిమీద కునుకు లేదు. కొడుకు హైదరాబాద్‌లో బస్సెక్కి నాలుగు గంటలైంది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నిద్రపోయి ఉంటాడని ఆమెకూ తెలుసు. అయినా మనసు ఆ మాట దగ్గర నిలవదు. డ్రైవర్‌కు కునుకు పట్టిందేమో, బస్సు ఎక్కడైనా బోల్తా పడిందేమో, పోలీసులు ముందు ఎవరికి ఫోన్ చేస్తారో, తెల్లారి ఎవరెవరికి కబురంపాలో... ఒక ఆలోచన మరోదాన్ని లాక్కొస్తుంది. పావుగంటలో ఆమె మనసు సమాధుల తోట దాకా వెళ్లివస్తుంది. ఉదయాన్నే కొడుకు ఫోన్ చేసి 'చార్జింగ్ అయిపోయిందమ్మా' అంటాడు. ఆ రోజుకు గండం గడిచినట్టే. మరునాటి రాత్రికి మరో భయం సిద్ధం. కూతురి పెళ్లి సంబంధం, భర్త షుగర్ రిపోర్టు, తాకట్టులో ఉన్న పొలం కాగితాలు, పెద్దవాడి అమెరికా వీసా. విషయం మారుతుంది కానీ గుండె దడ మారదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఈ బాధను ఎవరితోనైనా చెప్పుకుంటే ఆమెకు వచ్చే జవాబు మనందరికీ తెలిసిందే. 'విశ్వాసం ఉన్నవాళ్లు చింతపడకూడదు అక్కా, ప్రార్థన చేసుకోండి' అంటారు. ఆకాశ పక్షులను, అడవి పువ్వులను గురించి ప్రభువు కొండమీద చెప్పిన మాటలు (మత్తయి 6:25-34) గుర్తుచేస్తారు. చిత, చింత అనే రెండు మాటల మధ్య ఉన్నది సున్నా తేడాయేనని ఒకాయన చమత్కరిస్తాడు. అందరిదీ మంచి ఉద్దేశమే. కానీ ఆ అధ్యాయం ఆమెకు కంఠతా వచ్చు. చింతపడకూడదని తెలిసి కూడా చింతపడుతున్నానే అన్నదే ఆమె సరికొత్త చింత. నిన్నటిదాకా భయం ఒక్కటే ఉండేది. ఇప్పుడు భయపడుతున్నందుకు దేవుని ఎదుట నేరస్థురాలినన్న బాధ కూడా దానికి తోడైంది. బరువు దించుకుందామని మందిరానికి వచ్చిన మనిషి ఇంకొంత బరువు ఎత్తుకుని ఇంటికి వెళ్తోందన్నమాట.

ఇలాంటి తల్లి ఒకరు మార్టిన్ లూథర్ ఇంట్లోనే ఉండేది. ఆయన భార్య కాథరినా. సన్యాసినుల మఠం నుంచి 1523 ఈస్టర్ రోజుల్లో తప్పించుకుని వచ్చిన ఈమెను లూథర్ 1525 జూన్‌లో వివాహమాడాడు. విట్టెన్‌బర్గ్‌లో పాత మఠమే వారి ఇల్లు. అందులో సొంత పిల్లలు, బంధువుల పిల్లలు, భోజనం పెట్టించుకునే విద్యార్థులు, వచ్చేపోయే అతిథులు. తోట, పశువులు, పందులు, బీరు కాపు అన్నీ ఆమె చేతి మీదుగానే నడిచేవి. భర్త చేతిలో డబ్బు నిలవదు, అడిగినవారికల్లా ఇచ్చేస్తాడు. ఆరుగురు పిల్లల్లో ఎలిజబెత్ 8 నెలలకే 1528లో చనిపోయింది. మాగ్దలేనా 13 ఏళ్ల వయసులో 1542లో తండ్రి చేతుల్లోనే కన్నుమూసింది. ఇన్ని చూసిన తల్లి, ప్రయాణానికి బయల్దేరిన మనిషి తిరిగొచ్చేదాకా నిశ్చింతగా నిద్రపోతుందని ఎవరూ అనుకోరు.

1546 జనవరి చివర్లో లూథర్ తాను పుట్టిన ఊరు ఐస్లెబెన్‌కు బయల్దేరాడు. మాన్స్‌ఫెల్డ్ ప్రభువుల ఆస్తి తగాదా తీర్చే పని అది. ఆయనకప్పుడు 62 ఏళ్లు, ఆరోగ్యం అంతంత మాత్రం. నడి చలికాలం. హాలె అనే ఊరి దగ్గర సాలె నది పొంగి, మంచుగడ్డలతో దారికి అడ్డం పడింది. ముగ్గురు కొడుకులూ ఆయన వెంటే ఉన్నారు. ఇంటి దగ్గర కాథరినాకు నిద్ర కరువైంది. ఆ సంగతి ఆమె ఉత్తరాల ద్వారా ఆయనకు తెలిసింది.

ఫిబ్రవరి 7న లూథర్ రాసిన జవాబు చదివితే నవ్వు వస్తుంది, ఆ వెంటనే కళ్లు చెమర్చుతాయి. యోహాను సువార్తనూ, చిన్న ప్రశ్నోత్తరినీ తీసి చదువుకోమంటాడు. ఆ ప్రశ్నోత్తరిలో ఉన్నదంతా తన గురించేనని ఒకసారి ఆమే అన్నదట, దాన్నే గుర్తుచేస్తాడు. దేవుని పని తానే మీద వేసుకున్నట్టు ఆమె తీరు ఉందనీ, ఈ ముసలి డాక్టరు సాలె నదిలో మునిగిపోయినా దేవుడు పదిమంది డాక్టర్ మార్టిన్‌లను పుట్టించగలడనీ ఆటపట్టిస్తాడు. తన గురించి ఆమెకన్నా, దూతలందరికన్నా మిన్నగా చింతించేవాడు ఒకడున్నాడనీ, ఆయన పశువుల తొట్టిలో పడుకున్న బిడ్డ అయినా తండ్రి కుడిపార్శ్వాన కూర్చున్నవాడనీ చెబుతాడు.

మూడు రోజుల తర్వాత ఇంకో ఉత్తరం. చింతలో మునిగిన పరిశుద్ధురాలైన ఇల్లాలికి అంటూ మొదలుపెట్టాడు. నువ్వు మా గురించి దిగులుపడటం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మా బసలో, నా గది తలుపు దగ్గరే నిప్పు అంటుకుంది, నిన్న గోడ గార రాలి పెద్ద రాయి కాస్తలో నా తలమీద పడబోయింది, నీ చింత ఇలాగే సాగితే భూమి నోరు తెరిచి మమ్మల్ని మింగేస్తుందేమోనని భయంగా ఉంది, నువ్వు ప్రార్థన చెయ్యి, చింతపడే పని దేవునికి వదిలెయ్యి అన్నది ఆ ఉత్తరం సారాంశం. మొగుడూ పెళ్లాల మధ్య పరిహాసం అది. ప్రసంగపీఠం మీద నుంచి చేసిన గద్దింపు కాదు. ఈ తేడాను మనం జాగ్రత్తగా గమనించాలి. ఇరవై ఏళ్లు కాపురం చేసిన భర్త అనదగిన మాట, ముక్కూ మొహం తెలియని సహోదరుడు అంటే గుచ్చుకుంటుంది.

ఫిబ్రవరి 14న మరో ఉత్తరం రాశాడు. తగాదా తీరుతోందనీ, ఈ వారంలోనే ఇంటికి వస్తాననీ అందులో ఉంది. 18వ తేదీ తెల్లవారుజామున ఐస్లెబెన్‌లోనే లూథర్ కన్నుమూశాడు. కాథరినా దగ్గర లేదు.

ఈ ఉత్తరాలను మన ప్రసంగాల్లో ఉదహరించేవారు సాధారణంగా రాయి పడబోయిన హాస్యం దగ్గరే ఆపేస్తారు. మనం ఆపకూడదు. ఎందుకంటే కాథరినా భయపడినదే జరిగింది. ఆమె చింత ఆయన్ని కాపాడలేదు, అది నిజం. కానీ 'ఏమీ కాదు, ఊరికే భయపడకు' అన్న ఓదార్పు కూడా నిలబడలేదు. ఉత్తరాలను మళ్లీ చదివి చూస్తే లూథర్ ఎక్కడా నాకేమీ కాదని మాట ఇవ్వలేదని తెలుస్తుంది. నదిలో మునిగినా అని ముందే అన్నాడు. ఏం జరిగినా ఆ తొట్టిలోని బిడ్డ చేతిలోనే ఉంటామన్నది ఒక్కటే ఆయన ఇచ్చిన ధైర్యం. అర్ధరాత్రి భయపడుతున్న మనిషికి 'నీ కొడుక్కి ఏమీ కాదు, ప్రభువు నాకు చెప్పాడు' అని హామీలిచ్చే మన ప్రార్థనాపరులు ఇక్కడ కొంచెం ఆలోచించాలి. హామీ ఆ ఒక్క రాత్రికి మందులా పనిచేస్తుంది. మరునాడు ఇంకో హామీ కావాలి. ఒకనాడు నిజంగానే ఏదైనా జరిగితే ఆ తల్లి విశ్వాసం ఏమైపోవాలి?

ఆ ఏప్రిల్‌లో కాథరినా తన సోదరుడి భార్యకు రాయించిన ఉత్తరం ఉంది. తిండి, నిద్ర రెండూ పోయాయని అందులో చెప్పుకుంది. అది ఆమె దుఃఖం. భర్తకు ఆమె రాసిన ఉత్తరాలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఐస్లెబెన్‌కు ఆమె ఏం రాసిందో, ఏ మాటల్లో తన భయం చెప్పుకుందో మనకు తెలియదు. జవాబులే మనదాకా వచ్చాయి. మన సంఘాల్లోనూ జరిగేది దాదాపు ఇంతే కదా. జవాబులు అందరికీ వినిపిస్తాయి, భయపడినవారి మాట ఎవరి చెవికీ చేరదు.

చింత గురించి ఇంత తేలిగ్గా రాసిన లూథర్‌కు ఆ బాధ తెలియదనుకుంటే పొరపాటు. ఆయన జీవితమే భయంతో మలుపు తిరిగింది. 1505 జూలైలో పిడుగు దగ్గర్లో పడితే ప్రాణభయంతో సన్యాసినవుతానని మొక్కుకున్నాడు. మఠంలో చేరాక తన పాపాలేవైనా మర్చిపోయానేమో అన్న ఆలోచన ఆయన్ని తరిమేది. ఒప్పుకోలుకు కూర్చుంటే ఒక్కోసారి ఆరు గంటలు పట్టేదట. బయటికొచ్చాక ఇంకోటి గుర్తొచ్చి మళ్లీ వెళ్లేవాడు. వినే పెద్దాయన స్టౌపిట్స్ విసిగిపోయేవాడు. తలుపు గడియ పెట్టామా లేదా అని పదిసార్లు లేచి చూసుకునేవారు మన ఇళ్లలోనూ ఉంటారు. పాపం ఒప్పుకున్నామా లేదా అని లూథర్ అలా లేచి చూసుకునేవాడు. నీ పాపాల లెక్క చూడకు, క్రీస్తు గాయాలు చూడు అన్నదే స్టౌపిట్స్ ఆయనకు నేర్పిన పాఠం.

విశ్వాసమూలంగా నీతి అన్న సువార్త దొరికాక ఈ బాధ శాశ్వతంగా తొలగిందా? లేదు. 1527 జూలై 6న లూథర్ కుప్పకూలిపోయాడు. పొద్దున్నే కాపరి బూగెన్‌హాగెన్‌ను పిలిపించుకుని ఒప్పుకోలు చేసుకున్నాడు. సాయంత్రానికి చనిపోతున్నానని అనుకుని భార్యాబిడ్డలను దేవునికి అప్పగించాడు. వారం రోజులకు పైగా మరణంలో, పాతాళంలో ఉన్నట్టుందనీ, ఒళ్లంతా వణికిపోయిందనీ తర్వాత మెలాంక్తన్‌కు రాశాడు. అప్పటికి ఆయన విశ్వాస వీరుడిగా యూరప్ అంతా తెలుసు. విశ్వాసం తక్కువై ఈ బాధ వచ్చిందని ఆయన్ని ఎవరు అనగలరు?

1530 వేసవిలో రాసిన ఉత్తరాల్లో ఈ అనుభవమంతా కనిపిస్తుంది. ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ఎదుట ప్రొటెస్టెంట్ల విశ్వాస ప్రమాణాన్ని జూన్ 25న చదివారు. దాన్ని సిద్ధం చేసిన మెలాంక్తన్ చింతతో క్షీణించిపోతున్నాడు. లూథర్ మీద చక్రవర్తి నిషేధం ఉంది కాబట్టి అక్కడికి వెళ్లలేక, కోబుర్గ్ కోటలో ఉండిపోయాడు. ఆయన పరిస్థితీ బాగాలేదు. తలపోటు, చెవుల్లో హోరు. జూన్ 5న తండ్రి మరణవార్త అందితే కీర్తనల గ్రంథం పట్టుకుని గదిలోకి వెళ్లి ఏడ్చాడు. అలాంటి రోజుల్లోనే మెలాంక్తన్‌కు వెంటవెంటనే ఉత్తరాలు రాశాడు. వాటిలో ఒకచోట గట్టిగానే మందలించాడు. సమస్య పెద్దదై కాదు, మన అవిశ్వాసం పెద్దదై నీకు ఈ చింత వచ్చిందన్నాడు. ఈ మాటను దాచిపెట్టి లూథర్ అందరితోనూ మెత్తగా ఉన్నాడని చెప్పడం న్యాయం కాదు. అయితే మందలించి ఊరుకోలేదు. నీ కోసం ప్రార్థిస్తున్నాను అని రాశాడు, వాదించాడు, బతిమాలాడు, మళ్లీ రాశాడు. అన్ని ఉత్తరాలు రాసే ఓపిక ఉన్నవారికే ఆ ఒక్క వాక్యం అనే హక్కు ఉంటుందేమో.

అదే వేసవిలో జెరోమ్ వెల్లర్ అనే యువకుడికి రాసిన ఉత్తరం మనకు ఇంకా ఉపయోగం. వెల్లర్ లూథర్ ఇంట్లోనే ఉంటూ పిల్లవాడికి చదువు చెప్పేవాడు. దిగులు, నల్లని ఆలోచనలు అతన్ని పట్టుకున్నాయి. లూథర్ అతనికి చెప్పినవి చాలా మామూలు సంగతులు. ఒంటరిగా ఉండొద్దు. నా భార్యతోనూ మిగతావారితోనూ కూర్చుని సరదాగా మాట్లాడు, ఆటలాడు. సాతాను తెచ్చే ఆలోచనలతో వాదనకు దిగొద్దు. నువ్వు పాపివని అతను అంటే, అవును, అయితే ఏమిటి, నా పక్షాన బాధపడి వెల చెల్లించినవాడు ఒకడున్నాడని చెప్పి వదిలెయ్యి. మామూలుకంటే కాస్త ఎక్కువ తాగమని కూడా ఆ ఉత్తరంలో ఉంది. జర్మనీ వారి ఆ సలహాను మన తెలుగు సంఘాలు దిగుమతి చేసుకోనక్కర్లేదు. మద్యం రాత్రి నిద్ర పట్టించినట్టే పట్టించి, తెల్లవారుజామున ఇంకా ఎక్కువ దడతో లేపుతుందని వైద్యులు చెబుతారు. మిగతాదంతా అక్షరాలా పాటించదగినదే.

వాదించవద్దు అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. మనలో చాలామంది చేసేది వాదనే. భయం ఒక ప్రశ్న వేస్తుంది. మనం జవాబు చెబుతాం. భయం దానిమీద ఇంకో ప్రశ్న వేస్తుంది. 'బస్సు క్షేమంగానే ఉంటుంది.' 'పోయిన నెల ఆ దారిలోనే యాక్సిడెంట్ కాలేదా?' 'అది లారీ.' 'లారీ అయితే బస్సును గుద్దదా?' ఇలా తెల్లవార్లూ సాగినా ఈ కోర్టులో తీర్పు రాదు. సరే, వాదించకుండా ఆలోచననే గెంటేద్దామంటే అదీ కుదరదు. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోకు అని చెప్పిన వైద్యుడి కథ మనకు తెలుసు కదా. ఆ రోగికి మందు గ్లాసు పట్టుకున్న ప్రతిసారీ కోతే గుర్తొచ్చింది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో ప్రచురించిన ప్రయోగం దాదాపు ఇదే. తెల్ల ఎలుగుబంటిని అయిదు నిమిషాలు తలచుకోవద్దు, తలపుకొస్తే గంట కొట్టండి అని కొందరికి చెప్పాడు. గంట మోగుతూనే ఉంది. ఆ తర్వాత తలచుకోవచ్చని అనుమతిస్తే, మొదటినుంచీ అనుమతి ఉన్నవారికన్నా వీరికే అది ఎక్కువగా గుర్తొచ్చింది.

ఎడారిలో నివసించిన ఒక పూర్వకాలపు భక్తుడు చెప్పిన ఉపమానాన్ని లూథర్ తరచూ వాడేవాడు. పక్షులు నీ తలమీదుగా ఎగరకుండా ఆపలేవు, కానీ నీ జుట్టులో గూడు కట్టకుండా ఆపగలవన్నది దాని భావం. ఎగిరేది ఎగరనివ్వడం, దానికి పుల్లలు మనమే ఏరి అందించకపోవడం. నేటి మానసిక వైద్యులు నేర్పేదీ దీనికి దూరం కాదు. వచ్చిన భయాన్ని 'ఇది ఒక ఆలోచన, వార్త కాదు' అని పేరు పెట్టి పలకరించమంటారు. ఒక కాగితం మీద రాసి, రేపు సాయంత్రం అయిదున్నరకు దీని సంగతి చూస్తాను అని వాయిదా వేయమంటారు. రోజుకు అరగంట చింతకే కేటాయించి, ఆ సమయంలో కూర్చుని అన్నీ ఆలోచించమంటారు. వినడానికి నవ్వులాటగా ఉన్నా చాలామందికి ఇది పనిచేస్తుంది. సాయంత్రం అయిదున్నరకు ఆ కాగితం తీసి చూస్తే సగం చింతలు వాటంతటవే చల్లబడి ఉంటాయి. మిగతా సగం ప్రార్థన అంశాలవుతాయి. ఏనాటి కీడు ఆనాటికి చాలునన్న ప్రభువు మాటకు ఇది మంచి అభ్యాసమని మనకు అనిపిస్తుంది.

ప్రార్థన అంటే గుర్తొచ్చింది. పరుగెత్తే ఆలోచనల బాధ ఎక్కువగా తెలిసేది మోకాళ్లూనినప్పుడే. కళ్లు మూసుకోగానే ఇంటి అద్దె, ఆఫీసులో మేనేజరు, గ్యాస్ సిలిండర్ అన్నీ వరస కడతాయి. 1535లో లూథర్ తన మంగలి పీటర్ కోరిక మీద ఎలా ప్రార్థించాలో చెబుతూ ఒక చిన్న పుస్తకం రాశాడు. మహా వేదాంతి తనకు గడ్డం గీసే మనిషి కోసం కూర్చుని పుస్తకం రాశాడన్న సంగతే ఎంతో ముచ్చటైనది. అందులో అతనికి అర్థమయ్యే పోలికే తెచ్చాడు. మంచి మంగలి కత్తిమీద, వెంట్రుకల మీద చూపు నిలుపుతాడు. కబుర్లు చెబుతూ, దిక్కులు చూస్తూ గీస్తే ముక్కో గొంతో తెగుతుంది. ప్రార్థనకు కూడా అలాంటి చూపు కావాలన్నాడు. ఆ చూపు ఊరికే రాదు కాబట్టి చేతికి ఒక పని ఇచ్చాడు. పరలోక ప్రార్థననో, పది ఆజ్ఞలనో తీసుకుని ఒక్కో మాట దగ్గర ఆగమన్నాడు. ఆజ్ఞల విషయంలో నాలుగు పేటల దండలా చేసుకోమన్నాడు. ఇది నాకేం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏమి ఒప్పుకోవాలి, ఏమి అడగాలి? మనసు చల్లబడినప్పుడు తాను కీర్తనల గ్రంథం తీసుకుని గదిలోకో, జనం ఉన్న సమయమైతే మందిరానికో వెళ్తానని రాశాడు. చింతలో ఉన్నవారికి సొంత మాటలు దొరకవు. దొరికినా అవి చివరికి భయం చుట్టూనే తిరుగుతాయి. అందుకే అప్పటికే ఉన్న మాటలు పట్టుకోవాలి, పైకి చదవాలి, వేలు పెట్టి చదవాలి. కన్ను మూతపడని రాత్రిని గురించిన 77వ కీర్తన, లోపల విచారాలు గుంపుగా పెరిగినప్పుడు దేవుని ఆదరణ గురించి చెప్పే 94వ కీర్తన ఇలాంటి రాత్రులకే ఉన్నాయి.

ఆ మంగలి కథకు ఒక విషాదమైన ముగింపు ఉంది. అదే ఏడాది ఈస్టర్ సమయంలో తాగిన మైకంలో పీటర్ తన అల్లుడిని కత్తితో పొడిచి చంపాడు. లూథర్, ఇతర పెద్దలు అడ్డుపడటంతో ఉరి తప్పింది కానీ ఆస్తి పోయింది, ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది. ప్రార్థన పద్ధతి మంత్రం కాదని ఇంతకన్నా చేదుగా చెప్పే ఉదాహరణ ఉండదు. పుస్తకం మాత్రం ఇవాళ్టికీ మంచిదే.

మన తెలుగు నేలకూ లూథర్‌కూ బంధం ఉంది. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడి లూథరన్ సంఘాల్లో ఆ చిన్న ప్రశ్నోత్తరిని పిల్లలతో కంఠస్థం చేయిస్తూ వచ్చారు. కాథరినాను చదువుకోమన్న పుస్తకం అదే. అందులో పడుకునే ముందు చేసే చిన్న ప్రార్థన ఉంది. శరీరాన్నీ ఆత్మనూ సమస్తాన్నీ దేవుని చేతికి అప్పగించి, వెంటనే సంతోషంగా నిద్రపొమ్మని దాని కింద సూచన. వెంటనే నిద్ర రాకపోతే ఏం చేయాలో అక్కడ రాయలేదు. దానికి వెల్లర్‌కు రాసిన ఉత్తరమే చూడాలి.

పౌలు విషయానికి వద్దాం. దేనిగురించీ చింతపడవద్దని ఫిలిప్పీ సంఘానికి రాసిన అపొస్తలుడు ఆయన (4:6). అదే పత్రికలో రెండు అధ్యాయాల ముందు ఎపఫ్రొదితు జబ్బుపడి చావుకు దగ్గరగా వెళ్లిన సంగతి రాశాడు. అతన్ని మీ దగ్గరికి పంపితే నా దుఃఖం కూడా తగ్గుతుందన్నాడు (2:28). అంటే తగ్గవలసింది ఆయన లోపల ఏదో ఉందనేగా! కొరింథీయులకు ఇంకా విప్పి చెప్పాడు. సంఘాలన్నిటి గురించిన చింత రోజూ తనను ఒత్తుతోందన్నాడు (2 కొరింథీ 11:28). త్రోయలో సువార్తకు తలుపు తెరిచి ఉన్నా తీతు కనబడకపోవడంతో మనసు నిలవక మాసిదోనియకు వెళ్లిపోయాడు (2:13). అక్కడా వెలుపల పోరాటాలు, లోపల భయాలు. మరి దేవుడు ఆయన్ని ఎలా ఆదరించాడు? దర్శనం ఇవ్వలేదు, దూతను పంపలేదు. తీతు రావడం వల్ల ఆదరించాడని పౌలే రాశాడు (7:6). మనిషి వచ్చాడు, క్షేమసమాచారం తెచ్చాడు, పక్కన కూర్చున్నాడు. ఏలీయా చనిపోతానని బదరీ వృక్షం కింద పడుకుంటే దేవుడు ముందు నిద్ర పోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ నిద్ర పోనిచ్చాడు (1 రాజులు 19). నీకిక్కడ ఏం పని అని అడిగింది ఆ తర్వాతే.

మన సంఘాల్లో ముందుగా జరగాల్సిన మార్పు ఇక్కడే ఉంది. బాధ చెప్పుకున్న అక్కకు వచనం చెప్పడానికి ముందు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, అన్నం సయిస్తోందా, ఇంట్లో ఎవరికైనా తెలుసా అని అడగడం పెద్ద పనేమీ కాదు. వారానికి రెండుసార్లు వాళ్లింటికి వెళ్లి టీ తాగి రావడం స్త్రీల సమాజం చేయలేని పనీ కాదు. కూడికలో అందరి ముందు 'ఈ సహోదరి చింత అనే ఆత్మ నుంచి విడుదల పొందాలి' అని పేరు చెప్పి ప్రార్థించడం మాత్రం ఆపాలి. ఆ ఇంటికి పెళ్లి సంబంధం వచ్చే ముందు ఈ మాట ఊరంతా తిరుగుతుంది. అందుకే చాలామంది చెప్పుకోవడమే మానేశారు.

కొందరి విషయంలో పలకరింపు, ప్రార్థన, అలవాట్ల మార్పు సరిపోవు. ఆరు నెలలుగా దాదాపు ప్రతిరోజూ అదుపు లేని చింత, నిద్రలేమి, కండరాలు బిగుసుకోవడం, చీటికీ మాటికీ చికాకు, పనిమీద మనసు నిలవకపోవడం ఉంటే వైద్యులు దాన్ని జబ్బుగానే గుర్తిస్తారు. ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, చచ్చిపోతున్నామనిపించి, ఈసీజీ తీస్తే అంతా బాగుందని చెప్పే కేసులూ ఉంటాయి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాంటి దడే వస్తుంది కాబట్టి ముందు మామూలు డాక్టరు దగ్గర రక్తపరీక్ష చేయించుకోవడం తెలివైన పని. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వారిలో ఎక్కువమంది చికిత్స గడప తొక్కలేదు. 150 మంది వచ్చే ఒక మందిరంలో ఆ లెక్కన ఎందరు మౌనంగా కూర్చుని ఉంటారో కాపరులే అంచనా వేసుకోవచ్చు.

చికిత్స ఉంది. మాటల ద్వారా చేసే కౌన్సెలింగ్ ఉంది, మందులున్నాయి, చాలామందికి గుణం కనిపిస్తుంది. ఎర్రగడ్డ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలకు వెళ్లడమంటే పిచ్చి ముద్ర పడుతుందన్న భయం ఇంకా మనల్ని వదల్లేదు. ఫోన్‌లో మాట్లాడాలనుకునేవారికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలి మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. బతకడం ఎందుకన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఆదివారం దాకా ఆగకుండా ఆ రోజే ఎవరికైనా చెప్పాలి, ఆ రోజే డాక్టరును చూడాలి. విన్నవారు కూడా ప్రసంగం మొదలుపెట్టకుండా వెంట వెళ్లాలి.

మందులు వాడుతున్నానని చెబితే సంఘంలో ఏమనుకుంటారోనని మాత్రల పట్టీని చీరల అడుగున దాచే తల్లులున్నారు. కొంచెం నయం కాగానే 'ప్రార్థనతోనే తగ్గింది' అని సాక్ష్యం చెప్పాలన్న తొందరలో డాక్టరును అడగకుండా మందు మానేసి, మళ్లీ మొదటికి వచ్చినవారూ ఉన్నారు. ఈ మందులను ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించాలి. సాక్ష్యం ఆ తర్వాత చెప్పినా ప్రభువుకు అభ్యంతరం ఉండదు. మాత్రను చీరల కింద నుంచి తీసి, ఇంట్లో బీపీ మాత్రలు పెట్టే చోటే పెట్టుకోవచ్చు. పక్కనే బైబిలు, మంచినీళ్ల చెంబు ఎలాగూ ఉంటాయి.